నగర క్లబ్‌కు సొంత స్టేడియం: తెలుసుకోవలసిన విషయాలు

సొంత మైదానం లేని ఫుట్‌బాల్ క్లబ్ ఎన్ని కప్పులు గెలిచినా అద్దె ఇంటి కాపురమే. ఇందుకు మన కళ్ల ముందున్న ఉదాహరణ బెంగళూరు ఎఫ్‌సీ. కొత్త స్టేడియం, క్రీడా సముదాయం అన్న మాట ఏ నగరంలో వినబడినా అందులో చూడవలసినవి ఏమిటో మన పాఠకుల కోసం ఇక్కడ క్రోడీకరిస్తున్నాం.

బెంగళూరు ఎఫ్‌సీ కథ

జేఎస్‌డబ్ల్యూ సంస్థ 2013లో ఈ క్లబ్‌ను స్థాపించింది. ఆడిన మొదటి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిచింది. 2015–16లో మళ్లీ గెలిచింది. 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు చేరిన తొలి భారత క్లబ్ అయింది. 2018–19లో ఐఎస్‌ఎల్ కూడా దక్కింది.

మైదానం సంగతి వేరు. మొదటి సీజన్ అశోక్‌నగర్‌లోని బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలో, కృత్రిమ పచ్చికపై ఆడారు. 2014లో కబ్బన్ పార్కు దగ్గరి శ్రీ కంఠీరవ స్టేడియానికి మారారు. ఇది రాష్ట్ర క్రీడా శాఖ చేతిలో ఉన్నది. చుట్టూ పరుగు ట్రాక్ ఉంది. 1997 జాతీయ క్రీడలకు వేదికైన ఈ మైదానం ఎన్నో ఏళ్లుగా అథ్లెట్ల సాధనకు ఆధారం.

తగాదా అక్కడే మొదలైంది. మ్యాచ్‌ల వల్ల మాకు సాధన సమయం పోతోందని అథ్లెట్లు, కోచ్‌లు అన్నారు. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. 2019–20 సీజన్‌కు ముందు క్లబ్ తన మ్యాచ్‌లను పుణెకు తరలించే పరిస్థితి వచ్చి, చివరకు కంఠీరవలోనే ఆడే వీలు కుదిరింది. ఇద్దరిదీ న్యాయమైన కోరికే. ఒకే నేలను ఇద్దరికి ఇవ్వడంలో ఉంది చిక్కు.

ఒకే మైదానంలో రెండూ ఎందుకు ఇమడవు?

కొలతలు చూస్తే సులభంగా అర్థమవుతుంది. అంతర్జాతీయ మ్యాచ్‌లకు వాడే ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే సుమారు ఒకటిముప్పావు ఎకరం. 400 మీటర్ల ప్రామాణిక ట్రాక్ లోపలి వెడల్పు 73 మీటర్లు. ఫుట్‌బాల్ మైదానం అందులో పడుతుంది, కానీ నాలుగు మూలల దగ్గర ట్రాక్ అంచుకు మిగిలేది ఒక మీటరు లోపే. కార్నర్ కొట్టే ఆటగాడు ట్రాక్ మీద నుంచి పరుగెత్తి రావలసిందే.

ప్రేక్షకుల మాటకొస్తే, ఒక్కో వరుస 1.22 మీటర్ల చొప్పున ఎనిమిది వరుసల ట్రాక్ ఉంటే, పక్క గీత నుంచి ట్రాక్ బయటి అంచుకు 12 మీటర్లు. గోలు వెనక అయితే సుమారు 36 మీటర్లు. సీట్లు ఆ తరువాతే మొదలవుతాయి. అవతలి గోలు దగ్గర జరిగేది అక్కడి నుంచి సరిగా కనబడదు.

అథ్లెట్ల కష్టం ఇంకొకటి. జావెలిన్, డిస్కస్, హామర్ పడేది నడిమి పచ్చిక మీదే. విసిరితే గడ్డి గుంటలు పడుతుంది. ఫుట్‌బాల్‌కు కావలసింది చదునైన నేల. మ్యాచ్ ముందు విసరవద్దంటారు, ట్రాక్ మీద ప్రకటన బోర్డులు పెడతారు. నష్టపోయేది రోజూ ఉదయం సాధనకు వచ్చే పిల్లలు.

మన నగరాల్లో ఎలా ఉంది?

చెన్నై జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, భువనేశ్వర్ కళింగ స్టేడియం, హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం — మూడింటిలోనూ ప్రధాన మైదానం చుట్టూ ట్రాక్ ఉంది. ముంబయి అంధేరీ క్రీడా సముదాయంలో ఉన్న ఫుట్‌బాల్ మైదానం మాత్రం ఫుట్‌బాల్‌కే ప్రత్యేకం. ఈతకొలను వంటి ఇతర వసతులు అదే ఆవరణలో విడిగా ఉన్నాయి. చిన్నదైనా ప్రేక్షకుడు ఆటకు దగ్గరగా కూర్చుంటాడు. ముంబయి సిటీ క్లబ్ 2016 నుంచి అక్కడ ఆడుతోంది.

విదేశాల్లో ప్యారిస్ స్టేడియంలో ట్రాక్ మీదికి జరిగే సీట్లు పెట్టారు. లండన్ ఒలింపిక్ స్టేడియాన్ని వెస్ట్‌హామ్ క్లబ్ 99 ఏళ్ల ఒప్పందంతో తీసుకుంది. జరిగే సీట్లు ఖరీదైన పని. లిఖితపూర్వక ఒప్పందం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

కట్టేటప్పుడు చూడవలసినవి

విడి మైదానాలు: ఫుట్‌బాల్‌కు ఒకటి, ట్రాక్‌కు ఒకటి. ట్రాక్‌తో కలిపి మైదానానికి నాలుగు ఎకరాల పైచిలుకు కావాలి, సీట్లు అదనం. చోటు లేకపోతే ట్రాక్‌ను ఊరి అంచున కట్టినా సరే, ముందు కట్టాకే పాతదాన్ని ముట్టుకోవాలి.

దిశ: మైదానం పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. లేకపోతే సాయంత్రపు ఎండ గోల్‌కీపర్ కళ్లలో పడుతుంది.

పచ్చిక: సహజ గడ్డికి విశ్రాంతి కావాలి, రోజంతా ఆడనివ్వలేరు. సాధనకు పక్కన ఇంకో మైదానం తప్పదు. కృత్రిమ పచ్చిక ఎక్కువ గంటలు ఓర్చుకుంటుంది, ఎండలో మాత్రం బాగా కాగుతుంది.

దారులు: 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్–మోహన్ బగాన్ మ్యాచ్‌లో గలాటా, తొక్కిసలాట జరిగి 16 మంది చనిపోయారు. బయటికి పోయే దారులు ఎన్ని, ఎంత వెడల్పు అన్నది సీట్ల సంఖ్య కన్నా ముందు అడగవలసిన ప్రశ్న.

ఒప్పందం: ఏ రోజు ఎవరిది, మరమ్మతు ఎవరిది, విద్యుత్ బిల్లు ఎవరిది, పిల్లల సాధన గంటలు ఎన్ని — అన్నీ కాగితం మీద ఉండాలి. అధికారి మారగానే నోటి మాట మారిపోతుంది. ఆఫీసు ఫైళ్ల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవాడిగా ఈ మాట నొక్కి చెప్పగలను.

మనకేమిటి సంబంధం?

బెంగళూరు ఎఫ్‌సీ రెసిడెన్షియల్ అకాడమీ ఉన్నది మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన బళ్లారి జిల్లాలో, జిందాల్ వారి విజయనగరంలో. ఆటలో మన పిల్లలున్నారు, ట్రాక్ మీదా ఉన్నారు. ఒకరి కోసం మరొకరిని బయటికి పంపే స్టేడియం మనకు వద్దు. మీ నగరంలో ఇటువంటి ప్రతిపాదన వచ్చి అభ్యంతరాలు, సూచనలు పిలిచినప్పుడు గడువులోగా రాతపూర్వకంగా ఇవ్వండి. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి.