థేమ్స్ నదిపై నోటి దురుసు, తెడ్డు దూకుడు

లండన్ నగరంలో 1750లో వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన తెరుచుకునేవరకు థేమ్స్ నదిని కాలినడకన దాటడానికి ఉన్నది పాత లండన్ వంతెన ఒక్కటే కావడం వల్లనూ, ఇరుకు వీధుల్లో బండి ప్రయాణం నత్తనడకన సాగడం వల్లనూ, నగరవాసులు ఆవలి గట్టుకే కాక ఇవతలి గట్టునే ఒక పేట నుంచి మరో పేటకు పోవడానికి కూడా పడవే ఎక్కేవారు. వెర్రీ అని పిలిచే సన్నని, తేలికైన తెడ్ల పడవలో ప్రయాణికులను చేరవేసే ఈ పడవవాళ్ళకు వాటర్‌మన్ అని పేరు. సరుకు మోసే వెడల్పాటి పడవలను నడిపేవారు లైటర్‌మన్ అనే వేరే వర్గం. వాటర్‌మన్ల నోటి దురుసు, తెగింపు మూడు శతాబ్దాల ఆంగ్ల రచనల్లో వినోదవస్తువుగా కనిపిస్తాయి గాని, వాటి మూలాలు వాళ్ళ స్వభావంలో కన్నా ఆ వృత్తి నిర్మాణంలోనే ఎక్కువగా ఉన్నాయి.

కేవు, అంటే రేవు దాటించినందుకు పుచ్చుకునే రుసుము, 1514లోనే పార్లమెంటు చట్టానికి లోబడింది. 1555 నాటి మరో చట్టం, అనుభవం లేని కుర్రవాళ్ళు, యజమాని అంటూ లేని తిరుగుబోతులు తెడ్లు పట్టడం వల్ల ప్రాణాలు పోతున్నాయని చెప్పి, ఏటేటా పడవవాళ్ళలోంచే ఎనిమిది మంది పర్యవేక్షకులను ఎంపిక చేయాలనీ, కొత్తవాడు కొంతకాలం శిష్యరికం చేసితీరాలనీ, వెర్రీ పొడవు ఇరవై రెండున్నర అడుగులకు, వెడల్పు నాలుగున్నర అడుగులకు తగ్గరాదనీ నిర్దేశించింది. వాటర్‌మన్ల వృత్తిసంఘం ఈ చట్టం నుంచే పుట్టింది. పడవ కొలతను, పనివాడి అర్హతను, కేవును ఇంత శ్రద్ధగా కట్టడి చేసిన పాలకులు ఒక పర్యవసానాన్ని ఊహించినట్టు లేదు: హెచ్చు కేవు అడిగే వీలు లేనివాడికి రాబడి పెరగాలంటే రేవు మెట్ల మీద పదిమందిని తోసుకుని, అరిచి, బేరాన్ని తన పడవలోకి లాక్కోవాలి, లాక్కున్నాక వీలైనంత వేగంగా దింపేసి మళ్ళీ రేవుకు చేరుకోవాలి. నోరూ వేగమూ రెండూ అక్కడే పెరిగాయి. 1614లో ఈ వృత్తి పక్షాన వాదించిన జాన్ టేలర్, తానూ వాటర్‌మన్ అయి కవిగా పేరుపడినవాడు, విండ్సర్ నుంచి గ్రేవ్‌సెండ్ దాకా నలభై వేల మంది దీనిమీద బతుకుతున్నారని రాశాడు. అంకెలో అతిశయం ఉండవచ్చు గాని రేవుల్లో రద్దీని అది సూచిస్తుంది. అట్టకాగితంతో పడవ కట్టి, ఎండుచేపలను కర్రలకు బిగించి తెడ్లుగా వాడి, గాలి నింపిన తిత్తుల ఆసరాతో సముద్రముఖం వైపు ప్రయాణించినట్టు ఆయనే ఒక కావ్యంలో చెప్పుకోవడం చూస్తే, ఈ వర్గంలో దుస్సాహసం గౌరవచిహ్నంగా కూడా చెల్లేదని తోస్తుంది.

తిట్ల విషయానికి వస్తే, ఎదురుపడిన పడవల వాళ్ళు ముక్కూ మొహమూ తెలియకపోయినా ఒకరినొకరు బూతులాడుకోవడం థేమ్స్ మీద దాదాపు ఆచారంగా స్థిరపడింది. హోదాకు మినహాయింపు లేదు. గట్టు మీద టోపీ తీసి వంగి నిలబడవలసినవాడే నీటి మధ్య ప్రభువును వెక్కిరించి, చేతికందేలోపే దాటిపోగలిగేవాడు. 1712లో ‘స్పెక్టేటర్’ పత్రికలో వ్యాసకర్త అడిసన్ తన కల్పిత పాత్ర సర్ రోజర్‌ను పడవ ఎక్కించి, పల్లెటూరి మర్యాద కొద్దీ ఎదురైన ప్రతివారికీ శుభరాత్రి చెప్పించి, బదులుగా ఆ వృద్ధుడి వయసును, నడతను ఎగతాళి చేసే మాటలు వినిపించాడు. ప్రయాణికులూ ఈ ఆటలో వెనుకబడలేదు: నిఘంటుకర్త జాన్సన్ తనను తిట్టినవాడికి వాడి భార్య చేసే వ్యాపారం గురించి ఒక నిండైన, వ్యాకరణశుద్ధమైన వాక్యంతో జవాబిచ్చిన సంగతిని ఆయన జీవితచరిత్రకారుడు బాస్వెల్ భక్తితో భద్రపరిచాడు. వృత్తిసంఘం మాత్రం 1701లోనే అసభ్యమైన మాటకు రెండున్నర షిల్లింగుల జరిమానా విధించే నియమం చేసుకుంది. ఆ నియమం వచ్చాక దశాబ్దాలు గడిచినా రచయితలకు తిట్ల సరుకు తరగకపోవడాన్ని బట్టి దాని ప్రభావం ఎంతటిదో ఊహించవచ్చు.

తిట్టు చెవికే తగులుతుంది. వంతెన కింద దూకుడు ప్రాణాల మీదికి తెచ్చేది. 1209లో పూర్తయిన లండన్ వంతెనకు పంతొమ్మిది స్తంభాలు, ఒక్కొక్క స్తంభం చుట్టూ దుంగలు పాతి రాళ్ళు నింపిన రక్షణదిబ్బ ఉండడంతో, నదికి అడ్డకట్ట కట్టినట్టయి, ఆటు సమయంలో, అంటే సముద్రపు పోటు వెనక్కి తీసేటప్పుడు, నీరు కమానుల మధ్య ఆరడుగుల దాకా కిందికి దూకేది. 1428లో నార్ఫోక్ ప్రభువు పడవ ఈ దిబ్బలకు కొట్టుకుని మునగగా ఆయన పైనుంచి వేసిన తాళ్ళ సాయంతో బయటపడ్డాడు, వెంట ఉన్నవారిలో చాలామంది పోయారు. జాగ్రత్తపరులు వంతెనకు ఎగువన ఓల్డ్ స్వాన్ రేవులో దిగి, బిలింగ్స్‌గేట్ దాకా నడిచి మళ్ళీ పడవ ఎక్కేవారు. 1763లో గ్రీనిచ్‌కు బయలుదేరిన జాన్సన్, బాస్వెల్ చేసిందీ అదే. అయినా ఆ ప్రవాహంలోంచి పడవను దూకించడం నేర్పుకు పరీక్షగా, డబ్బిచ్చినవాడికి సరదాగా కొనసాగింది. దాన్ని అంతం చేసింది హితబోధ కాదు, 1831లో వెడల్పాటి కమానులతో కొత్త వంతెన తెరుచుకుని, పాతదాన్ని కూల్చివేయడం.

అప్పటికే నదికి కొత్త దొరలు వచ్చారు. 1815లో ‘మార్జరీ’ అనే ఆవిరి నౌక లండన్, గ్రేవ్‌సెండ్‌ల మధ్య ప్రయాణికులను మోయడం మొదలుపెట్టిన కొన్నేళ్ళకే పోటీ కంపెనీల నౌకలు రేవుకు ముందు చేరాలని పందేలు వేసుకోసాగాయి; ఒకనాడు దూకుడుకు పేరుమోసిన వాటర్‌మన్లే ఇప్పుడు ఆ నౌకలు లేపే అలలకు తమ వెర్రీలు బోల్తా కొడుతున్నాయని మొరపెట్టుకున్నారు. 1847లో అరపెన్నీ కేవుకు నడిచే ‘క్రికెట్’ బాయిలరు పేలి ప్రాణనష్టం జరిగింది. 1878 సెప్టెంబరు 3న విహారయాత్ర ముగించుకుని వస్తున్న ‘ప్రిన్సెస్ ఆలిస్’ను వూలిచ్ దగ్గర ‘బైవెల్ కాజిల్’ అనే బొగ్గు ఓడ ఢీకొనడంతో ఆరువందల మందికి పైగా మరణించారు. ఎదురు ప్రవాహాన్ని తప్పించుకోవడానికి మలుపుల దగ్గర గట్టును ఆనుకుని పోవడం అక్కడి నావికుల వాడుక. అయినా వాణిజ్య మండలి విచారణ ‘ప్రిన్సెస్ ఆలిస్’ను తప్పుపడితే, మరణకారణ విచారణ జ్యూరీ రెండు నౌకలనూ తప్పుపట్టింది.

ఆటుపోట్లు ఆగిపోయే టెడింగ్టన్ లాకుకు ఎగువన కథ వేరు. అక్కడి సరుకు రవాణాను రైళ్ళు లాగేసుకున్నాక నది విహారస్థలమైంది. ఎండకాలపు ఆదివారాల్లో మెయిడెన్‌హెడ్ దగ్గరి బౌల్టర్స్ లాకు పడవలతో కిక్కిరిసేది. సంపన్నుల ఆవిరి లాంచీలు ఈల వేసుకుంటూ దూసుకుపోయి గట్లు కోసేస్తున్నాయనీ, చిన్న పడవలను ముంచెత్తుతున్నాయనీ ఫిర్యాదులు పెరిగి, 1885లో పార్లమెంటు ఎగువ థేమ్స్‌ను ప్రజల విహారం కోసం పరిరక్షిస్తూ, అక్కడి పడవల రాకపోకలను కట్టడి చేస్తూ ప్రత్యేక చట్టం చేసింది. నాలుగేళ్ళకు జెరోమ్ కె. జెరోమ్ తన ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’లో లాంచీల అహంకారాన్ని తిట్టిపోసి, వాటికి దారివ్వకుండా అడ్డంగా తెడ్లు వేయడంలోని ఆనందాన్ని వర్ణించాడు, అదే పుస్తకంలో మరికొన్ని అధ్యాయాల తరువాత మిత్రుల లాంచీ ఒకటి వాళ్ళ పడవను తాడుతో లాగుతుండగా, దారికడ్డం వచ్చే తెడ్ల పడవలవాళ్ళకు బొత్తిగా మర్యాద తెలియదని ఆ కథకుడే విసుక్కుంటాడు.