తొలిచూలు పుట్టింట

ఏడవ నెల దాటిన చూలాలిని తొలి కాన్పునకై పుట్టింటికి పిలుచుకొని వచ్చు ఆచారము తెలుగునాట అంతటను ఉన్నదే. అయినను పెనుకొండ కొండచరియల పల్లెలలోను, హిందూపురము చుట్టుపట్ల గ్రామములలోను, ధర్మవరపు మగ్గపుటిండ్లలోను దానిని కొంచెము నిలిచి పరికించినచో, పెద్దలు పైకి చెప్పెడి కారణముల వెనుక వారు చెప్పని కారణమొకటి కానవచ్చును. తల్లి చేతి పథ్యము, అలవాటైన మంత్రసాని, మొగమాటము లేని ఇల్లు, ఇవి పైకి చెప్పునవి. చెప్పనిది, చేయి చేసికొను భర్త నుండి ఆ నాలుగైదు నెలలైనను ఆమెకు విడుదల కలుగుట. ఆడుదానికి మన సంఘము కల్పించిన శరణాలయము, నా యెఱుకలో, ఇది యొక్కటే. అదియు వియ్యాలవారి మర్యాదకు లోటు రాకుండ, సీమంతమను వేడుక పేరిట, పసుపు కుంకుమలు గాజులు చాటు చేసి కల్పించినది.

మన ధర్మశాస్త్రములు ఈ విషయమున రెండు నాల్కలతో మాటలాడినవి. గర్భిణికి అతిథులకంటెను ముందు అన్నము పెట్టవలెనని మనువు విధించెను. రెండు నెలలు నిండిన గర్భిణి వద్ద ఏరు దాటించుటకు సుంకము గొనరాదని ఎనిమిదవ అధ్యాయమున చెప్పెను. ఆ అధ్యాయముననే, తప్పు చేసిన భార్యను త్రాటితోనో వెదురు బద్దతోనో కొట్టవచ్చునని, అయితే తలపై గాక వీపుననే కొట్టవలెనని కొలతయు పెట్టెను. ఆ భార్య గర్భవతియైనచో ఏమి చేయవలెనన్న ప్రశ్న అచ్చట పుట్టనేలేదు. రేవున దొరికిన మన్నింపు ఇంట దొరకలేదన్నమాట. గర్భిణి కోరిన కోరిక తీర్పకున్న గర్భమునకు దోషము కలుగునని యాజ్ఞవల్క్యుడు చెప్పగా, ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించెను. వైద్యుడైన చరకుడు మాత్రము సూటిగా మాటలాడినాడు: అంచుల వరకు నూనె నిండిన పాత్రను తొణకనీయక మోయునట్లు చూలాలిని చూచుకొనవలెనని ఆయన హితవు. ఇంటి మగవాడికి ఈ హితవు ఎంతవరకు చేరినదో మన సామెతయే చెప్పుచున్నది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినదట! అందులో దెబ్బ ఒక సంగతియే కాదు.

కాన్పు స్త్రీకి మరుజన్మమని అందరు నందురు గనుక ఆమె భయపడుట సహజమని అందరును ఊరకుందురు. ఆ భయములో ఎంత పాలు నొప్పులది, ఎంత పాలు మగనిది అని విడదీసి అడిగినవారు అరుదు. పురిటిగది గుమ్మమున వేపమండలు కట్టిరి, బాలింత తలక్రింద ఇనుపముక్క పెట్టిరి, గ్రహణమునాడు ఆమెను కదలనీయరైరి; గర్భము పోయినచో గాలి సోకినదనిరి, లేదా నూతి వద్ద కాలు జారినదనిరి. నూనె పట్టించుచు ఒడలంతయు తడవిన మంత్రసానికి మాత్రము ఏ కమిలిన మచ్చ జారిపడుటవలన కలిగినదో, ఏది కాదో తెలియకుండునా? హింసకు లోనైన స్త్రీలలో ప్రసవభయము అధికమని ఉత్తర ఐరోపా దేశముల పరిశోధకులు ఈ శతాబ్దమున వ్రాసిరి. మంత్రసాని వ్రాయలేదు గాని తల్లి చెవిలో చెప్పి యుండును. బిడ్డకు మూడవ నెల రాగానే పంపవలసిన కూతురిని అయిదవ నెల వరకు, ఆ పిమ్మట ఆషాఢమనియు మూఢమనియు సాకు చెప్పి మఱికొన్నాళ్లు నిలుపుకొన్న తల్లుల నేర్పును మూఢనమ్మకమని కొట్టివేయుటకు నాకు మనసొప్పదు.

అయితే ఈ ఆశ్రయము పుట్టింటి గాదెను బట్టి నిలుచునది. ఈ సీమ యింకను బళ్లారి జిల్లాలో ఉన్న కాలమున, అనగా అనంతపురము 1882లో వేఱు జిల్లా కాకమునుపు, 1876–78 నాటి ధాత కఱవున పుట్టినిండ్లే ఖాళీ అయి జనము కఱవుపనులకు పోయినపుడు, కూతురిని పిలుచుకొని వచ్చుట ఎవరి తరము?

ధర్మవరమున చిక్కు మఱియొక తీరుది. గుంటమగ్గమున కాళ్లు గుంతలోనికి వ్రేలాడవేసి కూర్చుండవలెను. నెలలు నిండుచున్న స్త్రీకి ఆ కూర్చుండుట వశము కాదు. ఆమె రాట్నము ముందుకు మారి కండెలు చుట్టును, చిక్కుపడిన పట్టుదారము విడదీయును. ఆమె పుట్టింటికి పోయిననాడు కండెలు చుట్టు చేయి లేక మగ్గము మందగించును. చీర ఆలస్యమైన కూలి ఆలస్యమగును, షావుకారు వద్ద ముందే తెచ్చిన అప్పు పెరుగును. కాబట్టి పంపుటకు ముందొక తగవు, వచ్చిన పిదప మఱియొక తగవు. కాన్పు ఖర్చు పుట్టింటిది, ఉయ్యాల వారిది, అల్లునికి బట్టలు వారివి. వానిలో ఏది తక్కువైనను ఆ లెక్క ఆమె వీపుపై తేలును. 1961 నాటి ప్రసూతి చట్టము పండ్రెండు వారముల జీతపు సెలవు ఇచ్చినది గాని అది కొలువు చేయువారికి. భర్త మగ్గము వద్ద కండెలు చుట్టు ఇల్లాలికి యజమాని ఎవరు?

చట్టములు రాకపోలేదు. స్త్రీ సమ్మతి లేక గర్భస్రావము కలిగించినవానికి యావజ్జీవ శిక్ష వరకు విధింపవచ్చునని 1860 నాటి శిక్షాస్మృతి 313వ సెక్షను చెప్పినది. కాని కావలెననియే చేసినాడని ఋజువు చేయవలెను, సాక్ష్యము చెప్పవలసినవారందఱును అత్తవారే. భర్త క్రూరత్వమును నేరముగా పేర్కొన్న 498ఎ సెక్షను 1983లో గాని రాలేదు. 2005 నాటి గృహహింస చట్టము ఆచారమును తలక్రిందులు చేసినది: ఆచారము ఆమెను ఇల్లు కదలించి కాపాడగా, చట్టము ఆమెకు ఆ యింటనే ఉండు హక్కు నిచ్చి, అవసరమైన మగవానినే వెలుపలికి పొమ్మని ఆజ్ఞాపించు అధికారమును మేజిస్ట్రేటునకు ఇచ్చినది. ఆ సంవత్సరముననే 108 వాహనములు వచ్చినవి. అంతకు మునుపే ధర్మవరమునకు చేరువనున్న బత్తలపల్లిలో 2000లో గ్రామీణాభివృద్ధి సంస్థవారి ఆసుపత్రి వెలసినది. కాన్పు ఆసుపత్రికి మారినది, మంత్రసాని తెరమరుగైనది. ఒడలు తడవి చూచు చేయి పోయి, రక్తపోటు చూచు చేయి వచ్చినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవారు గర్భకాలమున దెబ్బలు తగిలినవా అని స్త్రీలను అడుగుచున్నారు. ఆ ప్రశ్న నెలనెలా పరీక్షకు వచ్చిన చూలాలిని అడుగుట మాత్రము నర్సు తీరిక మీద ఆధారపడియున్నది.

తొలిచూలు నాటి మన్నన మలిచూలునకు లేదు. రెండవ కాన్పు మెట్టినింటనే జరుగవలెనని పలు కులములలో కట్టుబాటు. చంకలో పెద్దబిడ్డ, కడుపులో చిన్నబిడ్డ ఉన్న ఆమెను పిలుచుకొని పోవుటకు ఎవరును బండి కట్టరు.