బెంచ్‌పై ఉన్నా జీతం హక్కే!
అమెరికాలోని మనవారు తెలుసుకోవలసిన కార్మిక చట్టాలు

గుంటూరు: వీసా ముద్ర పడి, బిడ్డ అమెరికా విమానం ఎక్కే రోజున ఇంటిల్లిపాదికీ పండగే. తీరా అక్కడికి చేరాక 'ప్రాజెక్టు దొరికే వరకు బెంచ్‌పై ఉండు, జీతం సంగతి తర్వాత చూద్దాం' అని కన్సల్టెన్సీ యజమాని చెబితే, ఆ మాట ఇంట్లో చెప్పలేక, యజమానిని నిలదీయలేక నలిగిపోయేవారు ఉన్నారు. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు అసలు విషయం ఆలస్యంగా తెలుస్తుంది. అయితే పని చూపించలేకపోవడం యజమాని బాధ్యతే తప్ప ఉద్యోగి తప్పు కాదని అమెరికా చట్టం స్పష్టంగా చెబుతోంది. ఈ సంగతి తెలియకపోవడమే చాలామందికి నష్టం తెచ్చిపెడుతోంది.

రెండంచెల చట్టాలు

అమెరికాలో ఉద్యోగుల హక్కులను ఫెడరల్ ప్రభుత్వ చట్టాలు, రాష్ట్రాల చట్టాలు రెండూ కాపాడతాయి. ఒకే విషయంపై రెండూ ఉన్నప్పుడు ఉద్యోగికి ఎక్కువ మేలు చేసే నిబంధన వర్తిస్తుంది. ఉదాహరణకు 1938 నాటి న్యాయ కార్మిక ప్రమాణాల చట్టం కింద గంటకు కనీస వేతనం 7.25 డాలర్లు. 2009 జులై నుంచి ఇది మారలేదు. టెక్సాస్‌లోనూ ఇదే అమలులో ఉంది. కాలిఫోర్నియాలో మాత్రం 2026 జనవరి 1 నుంచి 16.90 డాలర్లు చెల్లించాలి.

వారానికి 40 గంటలు దాటి పనిచేస్తే ఒకటిన్నర రెట్లు ఓవర్‌టైం ఇవ్వాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. అయితే నిర్ణీత స్థాయికి మించిన జీతంపై వృత్తి నైపుణ్యంతో కూడిన విధులు నిర్వర్తించేవారికి, అంటే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లలో అత్యధికులకు, ఇది వర్తించదు. పెట్రోలు బంకులు, హోటళ్లు, దుకాణాల్లో గంటల లెక్కన పనిచేసేవారికి సాధారణంగా వర్తిస్తుంది.

హెచ్‌-1బి ఉద్యోగికి ప్రత్యేక రక్షణ

హెచ్‌-1బి వీసాపై ఉద్యోగిని తీసుకునే యజమాని ముందుగా కార్మిక శాఖకు ఎల్‌సీఏ అనే దరఖాస్తు సమర్పించాలి. ఉద్యోగి పనిచేసే ప్రాంతం, హోదా, ఇవ్వబోయే జీతం అందులో ఉంటాయి. అదే పనిచేసే తన ఇతర ఉద్యోగులకు ఇస్తున్న జీతం, ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న జీతం... ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది చెల్లిస్తానని యజమాని హామీ ఇస్తాడు. ఉద్యోగి విధుల్లో చేరే రోజుకల్లా ఎల్‌సీఏ ప్రతిని అతనికి ఇవ్వడం విధి.

బెంచ్‌పై కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టడాన్ని 1998లో చేసిన చట్టం నిషేధించింది. ప్రాజెక్టు లేదన్నా, లైసెన్సు రాలేదన్నా పూర్తి జీతం ఇవ్వవలసిందే. ఉద్యోగి ఇంకా విధుల్లో చేరకపోయినా, అమెరికాలో అడుగుపెట్టిన 30 రోజుల్లోగా జీతం మొదలవ్వాలి. అప్పటికే అక్కడ ఉన్నవారికి ఈ గడువు 60 రోజులు. సొంత పనులపై సెలవు కోరడం, స్వదేశానికి రావడం వంటి కారణాలతో ఉద్యోగే పనికి దూరంగా ఉంటే ఆ కాలానికి జీతం అడిగే వీలుండదు.

ఏ ఖర్చు ఎవరిది?

వీసా దరఖాస్తుతో పాటు యజమాని చెల్లించే 750 లేదా 1500 డాలర్ల శిక్షణ రుసుమును ఉద్యోగి నుంచి ఏ రూపంలోనూ వసూలు చేయరాదు. హెచ్‌-1బి దరఖాస్తుకయ్యే న్యాయవాది ఫీజు యజమాని వ్యాపార ఖర్చు. దానిని కోసుకోవడం వల్ల జీతం చట్టం నిర్దేశించిన మొత్తం కంటే తగ్గితే ఉల్లంఘనే. గడువుకు ముందే మానేశారంటూ జరిమానా విధించడమూ చెల్లదు. రాష్ట్ర చట్టం అనుమతించే వాస్తవ నష్టపరిహారానికి మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి బాండుపై సంతకం చేసే ముందు న్యాయవాదికి చూపించడం మేలు.

ఉద్యోగం పోతే...

వీసా గడువు ముగియకముందే యజమాని తొలగిస్తే, ఉద్యోగి స్వదేశానికి తిరిగి రావడానికయ్యే సముచిత ప్రయాణ ఖర్చు యజమానే భరించాలి. తానుగా రాజీనామా చేసినవారికి ఇది వర్తించదు. తొలగించిన విషయాన్ని యజమాని ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయాలి. ఉద్యోగం పోయినవారికి 60 రోజుల వరకు వెసులుబాటు కల్పించే నిబంధన 2017 జనవరి నుంచి అమలులో ఉంది. ఈలోగా వీసా గడువే ముగిస్తే వెసులుబాటు అంతవరకే.

చివరి జీతం ఎప్పుడివ్వాలన్నది రాష్ట్రాల చట్టాలు నిర్ణయిస్తాయి. కాలిఫోర్నియాలో తొలగించిన రోజే చెల్లించాలి. కావాలని జాప్యం చేస్తే గరిష్ఠంగా 30 రోజుల జీతం అదనంగా పడుతుంది. టెక్సాస్‌లో ఆరు రోజుల గడువు ఉంది.

ఫిర్యాదు ఎలా?

హెచ్‌-1బి ఉల్లంఘనలపై కార్మిక శాఖలోని వేతన, పని గంటల విభాగానికి డబ్ల్యూహెచ్‌-4 పత్రంలో ఫిర్యాదు చేయాలి. ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోగా అందజేయడం తప్పనిసరి. ఈ విభాగం ఫోన్ నంబరు 1-866-487-9243. కనీస వేతనం, ఓవర్‌టైం బకాయిలకు ఫెడరల్ చట్టం కింద రెండేళ్లు, ఉద్దేశపూర్వక ఉల్లంఘనైతే మూడేళ్ల గడువు ఉంటుంది. టెక్సాస్ రాష్ట్ర కార్మిక కమిషన్‌ను ఆశ్రయించేవారు, జీతం అందవలసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి.

విచారణలో తప్పు రుజువైతే యజమాని బకాయి జీతం చెల్లించాలి. ఉద్దేశపూర్వకంగా జీతం ఎగ్గొడితే జరిమానాతో పాటు కనీసం రెండేళ్లపాటు వీసా దరఖాస్తులు పెట్టే అర్హత కోల్పోతాడు. ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగిని తొలగించడం, వేధించడం కూడా చట్టవిరుద్ధమే.

దాచుకోవలసిన పత్రాలు

నియామక పత్రం, ఎల్‌సీఏ ప్రతి, వీసా అనుమతి పత్రం, ప్రతి జీతం చీటీ, బ్యాంకు ఖాతా వివరాలు, ఏటా ఇచ్చే డబ్ల్యూ-2 పత్రం, యజమానితో జరిపిన ఈ-మెయిళ్లను సొంత ఖాతాలో భద్రపరచుకోవాలి. కంపెనీ కంప్యూటరులో మాత్రమే ఉంచితే ఉద్యోగం పోయిన రోజున అవి చేతికి రావు. పాస్‌పోర్టును ఎవరి వద్దా వదిలిపెట్టరాదు.

ఇక్కడి తల్లిదండ్రులు చేయగలిగిన పని కూడా ఒకటుంది. ఫోన్‌లో మాట్లాడినప్పుడు 'ఉద్యోగం ఎలా ఉంది?' అని ఊరుకోకుండా 'ఈ నెల జీతం పడిందా?' అని అడగాలి. మొదటి నెలలోనే బయటపడితే 12 నెలల గడువు చేతిలో ఉంటుంది. పరువు కోసం ఏడాది దాచుకుంటే హక్కు ఉండీ ఫలితం దక్కదు.