ఒంటరి తల్లి.. నెలల బిడ్డ.. దగ్గర్లో అయినవాళ్లు లేరు: హైదరాబాద్‌లో తక్కువ ఖర్చుతో క్రెష్ ఎలా దొరుకుతుంది? చట్టం ఏం ఇస్తోంది? పూర్తి వివరాలు

మెటర్నిటీ లీవ్ ఇంకో నెలలో అయిపోతుంది. అమ్మానాన్న ఎక్కడో జిల్లాలో. భర్త లేడు, లేదా విడిగా ఉంటున్నాడు. పక్క ఫ్లాట్ ఆంటీ ఒకటి రెండు గంటలు చూస్తారేమో గానీ, రోజుకు పది గంటలు చూడమని ఎవరిని అడుగుతాం? మాదాపూర్, గచ్చిబౌలి, కూకట్‌పల్లి లాంటి చోట్ల అద్దెకుండి ఉద్యోగం చేసుకునే ఒంటరి తల్లులకు ఇది మామూలు కష్టం కాదు. "ఉద్యోగం మానేయొచ్చు కదా" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. మానేస్తే ఇంటి అద్దె ఎవరు కడతారో మాత్రం చెప్పరు.

డబ్బు పెట్టి డేకేర్ వెతికే ముందు, ఖర్చు లేకుండా లేదా తక్కువ ఖర్చుతో రావాల్సినవి ఏమున్నాయో చూసుకోవాలి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా గూగుల్ మ్యాప్స్‌లో "డేకేర్ నియర్ మీ" కొడుతున్నారు.

ముందు లీవ్ లెక్క చూసుకోండి

2017లో సవరించిన మెటర్నిటీ బెనిఫిట్ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ ప్రకారం మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. డెలివరీ తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పని చేసి ఉండాలి. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవాళ్లకు ఈ డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది. పెళ్లి అయిందా, భర్త ఉన్నాడా అన్నదానితో ఈ హక్కుకు సంబంధం లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ 26 వారాల్లో డెలివరీకి ముందు గరిష్ఠంగా 8 వారాలు వాడుకోవచ్చు. ఆ 8 వారాలూ ముందే వాడేస్తే డెలివరీ తర్వాత మిగిలేది 18 వారాలే. అంటే మళ్లీ ఆఫీసుకు వెళ్లే రోజుకు బిడ్డకు నాలుగు నెలలు దాటి కొన్ని రోజులు. కానీ ప్రభుత్వ క్రెష్‌లు 6 నెలలు నిండిన పిల్లలనే తీసుకుంటాయి. ప్రైవేటులో కూడా అంతకన్నా చిన్న బిడ్డను చాలాచోట్ల చేర్చుకోరు. మధ్యలో మిగిలిన ఆ రెండు నెలలే ఒంటరి తల్లిని రోడ్డున పడేసేది.

అందుకే డాక్టర్ ఒప్పుకుంటే, ఆరోగ్యం సహకరిస్తే, డెలివరీకి ముందు తక్కువ సెలవు వాడి, తర్వాతకు ఎక్కువ మిగుల్చుకోవడం మేలు. ఒంట్లో బాగాలేకపోయినా మొండిగా ఆఫీసుకు వెళ్లమని దీనర్థం కాదు. లీవ్ అయిపోయాక ఇంటి నుంచి పని చేసే వెసులుబాటు గురించి కూడా ఇదే చట్టంలో ఉంది. పని స్వభావాన్ని బట్టి, యాజమాన్యం, ఉద్యోగి పరస్పరం ఒప్పుకోవాలి. తప్పనిసరి అయితే కాదు. అయినా నోటిమాటగా కాకుండా మెయిల్‌లో అడిగితే, కాదన్నా జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. నైట్ షిఫ్ట్ నుంచి డే షిఫ్ట్‌కు మార్చమని అడిగేటప్పుడూ ఇదే పద్ధతి పాటించండి. రాత్రిపూట నడిచే క్రెష్ దొరకడం దాదాపు అసాధ్యం మరి.

ఆఫీసులో 50 మంది ఉన్నారా? క్రెష్ ఉండాల్సిందే

ఇది చాలామందికి తెలియని విషయం. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ సౌకర్యం కల్పించాలి. 50 మంది మహిళలు కాదు.. ఆడా మగా కలిపి మొత్తం సిబ్బంది 50. "మా ఆఫీసులో తల్లులు ఇద్దరే ఉన్నారు, మాకు వర్తించదు" అని హెచ్‌ఆర్ చెబితే అది సరైన జవాబు కాదు. క్రెష్ ఆఫీసులోనే ఉండాలని కూడా లేదు. నిర్ణీత దూరంలో విడిగా పెట్టొచ్చు, వేరే సంస్థలతో కలిసి ఉమ్మడిగానూ నడపొచ్చు. ఒకే ఐటీ పార్కులో ఉన్న కంపెనీలు కలిసి నడిపేది ఇలాగే. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ 50 మంది నిబంధన ఉంది.

తల్లి రోజుకు నాలుగుసార్లు క్రెష్‌కు వెళ్లి బిడ్డను చూసి రావడానికి యాజమాన్యం అనుమతించాలి. విశ్రాంతి సమయం కూడా ఈ నాలుగులోనే కలుస్తుంది. దీంతోపాటు బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు బ్రేక్‌లు ఇవ్వాలి. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ ప్రయోజనాలన్నీ రాతపూర్వకంగా, ఎలక్ట్రానిక్ రూపంలో తెలియజేయాలని చట్టం చెబుతోంది. మీ ఆఫర్ లెటర్‌తో వచ్చిన మెయిల్స్ ఒకసారి తిరగేయండి.

క్రెష్ లేదంటే ఏం చేయాలి? ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్. అప్పటికీ కదలిక లేకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు. ఒక్కరే అడిగితే "ఇబ్బంది పెట్టే మనిషి" అనే ముద్ర పడుతుందన్న భయం సహజం. అదే ఆఫీసులో ఇంకో ఇద్దరు తల్లులు, ఒకరిద్దరు తండ్రులు కలిసి సంతకం పెడితే మెయిల్ బరువే మారిపోతుంది. అప్పటికప్పుడు క్రెష్ కట్టలేకపోయినా బయట డేకేర్ ఫీజులో కొంత భరించమని బేరం పెట్టడానికీ ఇదే ఆధారం.

అంగన్‌వాడీ పనికొస్తుందా?

నెలల బిడ్డకైతే నేరుగా పనికిరాదు. మామూలు అంగన్‌వాడీలో కూర్చోబెట్టి చూసుకునేది 3 నుంచి 6 ఏళ్ల పిల్లలను. 7 నెలల నుంచి 3 ఏళ్ల లోపు వాళ్లకు బాలామృతం లాంటి పోషకాహారం ఇంటికి ఇస్తారు, బరువు చూస్తారు. అంతేగానీ రోజంతా ఉంచుకోరు. అయినా పేరు నమోదు చేయించుకోండి. ఉగ్గు ఖర్చు కొంత తగ్గుతుంది.

రోజంతా చూసుకునేది 'పాల్నా' క్రెష్. కేంద్రం మిషన్ శక్తిలో భాగంగా రాష్ట్రాలతో కలిసి నడిపే పథకం ఇది. అంతకుముందు ఉన్న నేషనల్ క్రెష్ స్కీమ్‌నే మార్చి దీన్ని తెచ్చారు. 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లలకు పడుకునే ఏర్పాటు, ఆహారం, ఆరోగ్య పరీక్షలు, టీకాల పర్యవేక్షణ ఉంటాయి. కొన్ని విడిగా నడుస్తాయి, కొన్ని అంగన్‌వాడీ కమ్ క్రెష్ పేరుతో అంగన్‌వాడీల్లోనే ఉంటాయి. దేశవ్యాప్తంగా 17,000 అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లు పెట్టాలన్నది లక్ష్యం. అయితే ప్రతి బస్తీలోనూ ఇది ఉండదు. మీ ఏరియా అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి. ఆమెకు తెలియకపోతే సీడీపీఓ ఆఫీసులోనో, జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయంలోనో కచ్చితంగా చెబుతారు. పనివేళలు కూడా అడిగి తెలుసుకోండి. సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు వదిలేవాళ్లకు, అంతకుముందే మూసేసే క్రెష్ సగం పరిష్కారమే.

హాస్టల్‌లో బిడ్డతో ఉండొచ్చా? ఉండొచ్చు

వర్కింగ్ ఉమెన్ హాస్టల్ అనగానే పెళ్లికాని అమ్మాయిలకే అనుకుంటారు. ప్రభుత్వ సాయంతో నడిచే వర్కింగ్ ఉమెన్ హాస్టళ్లకు ఇప్పుడు 'సఖీ నివాస్' అని పేరు. వీటిలో భర్త నుంచి విడిపోయినవాళ్లు, వితంతువులు, ఒంటరి మహిళలు పిల్లలతో సహా ఉండొచ్చు. డేకేర్ కూడా పథకంలో భాగమే. నగరాల్లో అయితే నెలకు 50,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లు అర్హులు. మిగతా చోట్ల ఈ పరిమితి 35,000.

పథకం నిబంధనల్లో అద్దెను జీతంతో ముడిపెట్టారు. సింగిల్ బెడ్ గదికి మొత్తం జీతంలో 15 శాతం, డబుల్‌కు 10 శాతం, డార్మిటరీకి 7.5 శాతం మించకూడదు. డేకేర్‌కు తల్లి జీతంలో 5 శాతం లేదా అసలు ఖర్చు.. రెండింట్లో ఏది తక్కువైతే అది. 30,000 జీతం వచ్చే తల్లికి లెక్కేస్తే సింగిల్ గదికి 4,500, డేకేర్‌కు 1,500. రెండూ కలిపి 6,000 దాటదు. మెస్ ఛార్జీలు వేరే. అదే 30,000 జీతంతో బయట ఒక గది అద్దె, ప్రైవేటు డేకేర్ ఫీజు కలిపి చూసుకుంటే తేడా ఎంతో ఎవరికి వాళ్లకే అర్థమవుతుంది. సీట్లు తక్కువ, డేకేర్ నిజంగా నడుస్తోందా లేదా అన్నది వెళ్లి చూస్తేగానీ తెలియదు. అందుకే గర్భంతో ఉన్నప్పుడే వాకబు మొదలుపెట్టాలి.

ప్రైవేటు డేకేర్: బోర్డు కాదు, సాయంత్రం నాలుగు గంటలు చూడండి

ఫీజు గురించి అడిగితే నెల రేటు ఒక్కటే చెబుతారు. అడ్మిషన్ ఫీజు, వెనక్కివ్వని డిపాజిట్, ఆలస్యమైతే గంటకు ఇంత, శనివారం విడిగా, ఆహారం విడిగా.. ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడతాయి. ట్రాఫిక్‌లో వారానికి మూడు రోజులు అరగంట ఆలస్యం అనుకుని, ఆ లేట్ ఫీజు కూడా కలిపి నెల ఖర్చు వేసుకోండి. ఆఫీసు పక్కన తీసుకోవాలా, ఇంటి పక్కన తీసుకోవాలా? పాలు తాగే బిడ్డకైతే ఆఫీసు పక్కన ఉంటేనే మధ్యలో వెళ్లొచ్చు. కానీ బస్సులోనో మెట్రోలోనో రోజూ బిడ్డను మోసుకెళ్లాలి. ఇంటి దగ్గరైతే ప్రయాణం తప్పుతుంది, లేట్ ఫీజు పెరుగుతుంది. ఒంటరి తల్లికి జ్వరం వచ్చిన రోజున మాత్రం ఇంటి దగ్గర డేకేరే ఆదుకుంటుంది.

చూడ్డానికి వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లొద్దు. పిల్లలు నిద్ర లేచి ఏడ్చే సాయంత్రం నాలుగు గంటల వేళ వెళ్లండి. ఏడాది లోపు పిల్లలు ఎంతమంది ఉన్నారు, వాళ్లకు ఆయాలు ఎంతమంది.. ఈ రెండూ మీరే లెక్కపెట్టుకోండి. చట్టం కింద 2018లో కేంద్రం ఇచ్చిన కనీస మార్గదర్శకాల్లో మూడేళ్ల లోపు 10 మంది పిల్లలకు ఒక వర్కర్, తోడుగా హెల్పర్ ఉండాలని ఉంది. నిజం చెప్పాలంటే నెలల పిల్లలకు అదీ ఎక్కువే. ఒక ఆయా చేతిలో ముగ్గురు నలుగురికి మించి పసిపిల్లలుంటే ఆలోచించుకోవాలి. పడుకున్న పిల్లలు వెల్లకిలా ఉన్నారా, పాల సీసాల మీద పేర్లు రాశారా, వంటగదికి అడ్డు గేటు ఉందా.. సీసీ కెమెరా లింక్ కన్నా ఇవే ఎక్కువ చెబుతాయి. "ఆయా పేరేంటి, ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని అడగండి. ప్రతి రెండు నెలలకూ మనిషి మారే చోట ఫీజు తక్కువైనా లాభం లేదు. ఇంకొకటి.. 'ప్లే స్కూల్' అని బోర్డున్న చోటల్లా పసిపిల్లలను చూసే ఏర్పాట్లు ఉంటాయనుకోవద్దు. ప్లే స్కూల్ అనేది మూడేళ్లు దాటిన పిల్లల కోసం.

పిండిన తల్లిపాలు పంపేవాళ్లు ఫ్రిజ్ ఉందో లేదో చూసుకోండి. బయట గది వేడిలో నాలుగు గంటలకు మించి ఉంచకూడదు. మన ఎండాకాలంలో అంతసేపు కూడా వద్దు, ఐస్ ప్యాక్ పెట్టిన బాక్సులో పంపి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టించడమే మంచిది.

బిడ్డను ఎవరు తీసుకెళ్లొచ్చు?

విడిపోయిన తల్లులు ఈ విషయం మొదటి రోజే తేల్చుకోవాలి. సాయంత్రం తల్లి కన్నా ముందు తండ్రో, అతని తరఫు వాళ్లో వచ్చి "మేం తీసుకెళ్తాం" అంటే డేకేర్ వాళ్లు ఏం చేస్తారు? బిడ్డను ఎవరికి అప్పగించొచ్చో పేర్లు, ఫొటోలతో రాసిచ్చి, వాళ్ల సంతకం పెట్టిన కాపీ తీసుకోండి. కోర్టు కస్టడీ ఆర్డర్ ఉంటే దాని కాపీ కూడా ఇవ్వండి. ఆర్డర్ లేకపోతే తండ్రిని ఆపడానికి డేకేర్ వాళ్లూ తటపటాయిస్తారు. గొడవ ఉందని తెలిసినప్పుడు లాయర్‌ను ముందే కలవడం మంచిది. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. నంబర్ 15100.

డేకేర్ ఖర్చు తల్లి ఒక్కదాని బాధ్యత కాదన్నదీ గుర్తుంచుకోవాలి. బిడ్డ పోషణకు తండ్రి డబ్బు ఇవ్వాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 144 కింద కోర్టును అడగొచ్చు. పాత సీఆర్‌పీసీ 125 స్థానంలో వచ్చింది ఇదే. తల్లిదండ్రులకు పెళ్లి కాకపోయినా బిడ్డకు ఈ హక్కు ఉంటుంది. 2020లో రజ్నేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, పిటిషన్ వేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కించాలని చెప్పింది. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, ఖర్చులతో అఫిడవిట్ వేయాలని కూడా చెప్పింది. ఆ అఫిడవిట్‌లో డేకేర్ ఫీజు రాయాలంటే రసీదులు కావాలి. క్యాష్ ఇచ్చినా రసీదు అడిగి తీసుకోండి.

ఆయాను పెట్టుకుంటే?

రోజంతా ఇంటికొచ్చే ఆయా జీతం ఒక్కరు భరించాలంటే కష్టమే. అదే అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో ఇంకో తల్లి దొరికితే ఇద్దరు పిల్లలను ఒకే ఇంట్లో చూసేలా మాట్లాడుకుని జీతం సగం సగం పంచుకోవచ్చు. డేకేర్ తీసుకోని నాలుగైదు నెలల బిడ్డకు ఇదే నడిచే దారి. ఆధార్ కాపీ తీసుకోవడం, ఇంతకుముందు పనిచేసిన ఇంటికి ఫోన్ చేయడం, లోకల్ పోలీస్ స్టేషన్‌లో వెరిఫికేషన్ చేయించడం.. ఈ మూడూ మొహమాటం లేకుండా చేయాలి. ఆఫీసుకు వెళ్లడానికి కనీసం వారం ముందే ఆమెను పనిలోకి రమ్మని, మీరు ఇంట్లో ఉండగానే బిడ్డను అలవాటు చేయండి.

బిడ్డకు జ్వరం వస్తే డేకేర్ రానివ్వదు, ఆయా కూడా ఒక్కోసారి చెప్పకుండా మానేస్తుంది. ఆ రోజు కోసం ఫోన్‌లో రెండు పేర్లు ఉండాలి. కాస్త డబ్బు తీసుకునైనా వచ్చే మనిషి ఒకరు, లీవ్ సర్దే టీమ్ లీడ్ ఒకరు. ప్రభుత్వ ఉద్యోగులకు చైల్డ్ కేర్ లీవ్ ఉంది. కేంద్ర ఉద్యోగినులకు సర్వీసు మొత్తంలో 730 రోజులు, భార్య లేకుండా పిల్లలను పెంచుతున్న పురుషులకూ ఇదే వర్తిస్తుంది. రాష్ట్ర ఉద్యోగినులకు తెలంగాణలో 90 రోజులు, ఏపీలో 180 రోజులు. ప్రైవేటు ఉద్యోగులకు ఇలాంటి లీవ్ ఇచ్చే చట్టం లేదు. సిక్ లీవ్, క్యాజువల్ లీవ్‌లను మొదటి ఏడాది పండగలకు, ఊరి ప్రయాణాలకు వాడకుండా దాచుకోవాల్సిందే.

డేకేర్‌లో గానీ, ఆయా దగ్గర గానీ బిడ్డ ఒంటి మీద కారణం చెప్పలేని దెబ్బలు, కమిలిన గుర్తులు కనిపిస్తే ముందు ఫొటో తీసి డాక్టర్‌కు చూపించండి. ఆ తర్వాత చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. అత్యవసరమైతే 112. మహిళల హెల్ప్‌లైన్ 181.