రాగిని కరిగించే సూక్ష్మజీవులు

మైలుతుత్తం కలిపిన నీటిలో ఒక ఇనుపమేకును వేసి కొంతసేపు ఉంచితే దానిపై ఎర్రని రాగిపూత ఏర్పడుతుంది. నీటిలోని రాగి బయటపడి, దానికి బదులు ఇనుము కరగటమే ఇందుకు కారణం. బడిపిల్లలు వేడుకగా చేసే ఈ ప్రయోగమే దక్షిణ స్పెయిన్‌లోని రియో టింటో గనులలో 18వ శతాబ్దంలోనే ఒక పరిశ్రమగా ఉండేది. గనులనుండి ఊరే నీటిని ఇనుపముక్కలమీదుగా పారించి రాగిని రాబట్టేవారు. రాతిలో ఉండవలసిన రాగి ఆ నీటిలోకి ఎట్లా వచ్చినదో మాత్రం వారెరుగరు. అక్కడి నది నీరు ఎర్రగా ఉంటుంది; పులుపులో నిమ్మరసానికి తీసిపోదు.

1873లో ఈ గనులు ఒక బ్రిటిష్ కంపెనీ వశమైనవి. గంధకంతో కూడిన ఖనిజాన్ని ఆరుబయట గుట్టలుగా పోసి నెలలతరబడి కాల్చేవారు. ఆ పొగకు పైరులు మాడిపోయినవి, కూలీలకు ఊపిరాడలేదు. 1888 ఫిబ్రవరి 4న రైతులూ, గనికూలీలూ కలిసి నిరసనకు రాగా సైనికులు కాల్పులు జరిపారు. ఎందరు చనిపోయారన్న లెక్క నేటికీ తేలలేదు. ఆ తరువాతి సంవత్సరాలలో కాల్చటం క్రమంగా తగ్గి, గుట్టలను నీటితో తడిపి గాలికి వదిలే పద్ధతి పెరిగింది. నిప్పు లేకుండానే రాగి కరిగి వచ్చింది. అదంతా గాలీ నీరూ చేసే పనేనని అందరూ అనుకున్నారు.

అసలు రహస్యం రాగిగనులలో కాక బొగ్గుగనులలో బయటపడటం విచిత్రం. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా గనులనుండి వచ్చే ఆమ్లపునీరు వాగులను పాడుచేస్తూండేది. దానికి కారణం వెదకుతూ 1947లో కోల్మర్, హింకిల్ అనే శాస్త్రజ్ఞులు ఆ నీటిలో ఒక బాక్టీరియాను కనుగొన్నారు. 1951లో దానికి థయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అని పేరు పెట్టారు. 2000 నుండి దాని ప్రజాతిని అసిడిథయోబాసిల్లస్ అంటున్నారు.

దీని బ్రతుకుతీరు చిత్రమైనది. ఒంటికి కావలసిన కర్బనాన్ని గాలినుండి తీసుకుంటుంది. శక్తికోసం ఇనుమునూ, గంధకాన్నీ ఆక్సీకరిస్తుంది. ఫెర్రస్ ఇనుము దీనివల్ల ఫెర్రిక్ ఇనుముగా మారుతుంది. ఫెర్రిక్ ఇనుము రాగి సల్ఫైడును కరిగించి, తాను మళ్లీ ఫెర్రస్ అవుతుంది. ఏతం బాన నిండి పైకి వచ్చి, ఖాళీ అయి దిగి, మళ్లీ నిండినట్లుగా ఈ పని సాగుతుంది. ఆమ్లపునీటిలో బాక్టీరియా లేకుంటే ఫెర్రస్ ఇనుము మారటానికి ఏళ్లు పడుతుంది.

1958లో అమెరికాలోని కెన్నికాట్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిపై పేటెంటు పొందారు. కొలిమికి పంపితే ఖర్చుకూడా రాదని పారవేసిన రాతిగుట్టలపై ఆమ్లపునీరు చల్లి, అడుగున చేరిన నీటిని ఇనుపతుక్కుమీదుగా పారిస్తే రాగి దొరుకుతుంది. తొందర ఉన్నవారికి ఇది పనికిరాదు. గుట్ట కరగటానికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్లు కావాలి.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. గని మూసివేసినంతమాత్రాన ఈ జీవులు పని మానవు. గాలీ తేమా అందినంతకాలం గుట్టలనుండి ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. అందువల్లనే ఇప్పుడు గుట్ట పోయటానికి ముందే నేలపై నీరు ఇంకని ప్లాస్టిక్ పొర పరుస్తున్నారు.