గణకయంత్రము తన్ను దాఁ బరీక్షించుకొనుట

రోగి పలుకలేనపుడు వైద్యుఁడు నాడి పట్టి చూచును. 1981వ సంవత్సరము ఆగష్టు 12వ తేదిని అమెరికాలో ఐ.బి.యం. సంస్థవారు వెలువరించిన పర్సనల్ కంప్యూటరు ఆ భారమును గొంతవఱకుఁ దానే వహించినది.

మీట వేయఁగనే యది పనికిఁ బూనదు. ముందుగాఁ దన యంగములను బరీక్షించుకొనును. సర్వము కుశలమైనచో నొక్క చిన్న కూఁత. కీబోర్డు చెడినచోఁ దెరపై 301 అను అంకె. జ్ఞాపకశక్తి, అనఁగా మెమొరీ, చెడినచో 201. ఈ 201కి ముందు నాలుగక్షరములు గన్పట్టి, యే వరుసలో నే చిప్పు దోషియో చెప్పును. వరుసకుఁ దొమ్మిది చిప్పులు: ఎనిమిది విషయమును మోయును, తొమ్మిదవది కావలి.

అయినను ఆ చిప్పు చచ్చినదని తలంపరాదు. పెక్కు చిప్పులు గూళ్లలో గ్రుచ్చఁబడినవే. యంత్రము నడచునపుడు వేఁడెక్కి, నిలిచినపుడు చల్లాఱి, క్రమముగా నవి పైకి లేచును. కరెంటు తీసి వ్రేలితో నదిమిన నొక్కొకప్పు డంతియే చాలును.

ఇది పాతకథ యనరాదు. మా యూర నొక కార్యాలయమునందలి కంప్యూటరు కూఁతలు మాత్రము కూసి, తెర వెలుఁగక నిలిచినది. అందు రైతుల పదేండ్ల లెక్కలున్నవి. కాగితముపై నకలు లేదు. క్రొత్తది కొనుటయే మేలని కొందఱు తొందరపడిరి. నేను కూఁతలు లెక్కించి, యంత్రముతో వచ్చిన పుస్తకము చూడుఁడంటిని. అది మెమొరీ వంకఁ జూపినది. కరెంటు తీసి, ఆ పలకను బయటికిఁ దీసి, అంచు తుడిచి, మరల నదిమితిమి. ఒక్క చిన్న కూఁత వినఁబడినది.