గోంగూర మటన్‌కి ఏ సీసా?

ఇల్లు డబ్లిన్‌లో. ఐర్లండ్ డబ్లిన్ కాదు, కాలిఫోర్నియాలోది. లివర్‌మోర్ ద్రాక్షతోటలు ఇక్కణ్ణించి కారులో కాసేపటి దూరం. ఆగస్టు శనివారం, సాయంత్రం ఏడు. పగలంతా మాడ్చిన ఎండ చల్లబడింది. బే వైపు నుంచి గాలి లోయలోకి దూరుతోంది. ఇక్కడి ద్రాక్షలో పులుపు చావకుండా కాపాడేది ఈ గాలే. పెరట్లో ఎర్రకాడ గోంగూర నడుమెత్తు పెరిగింది. వంటింట్లోంచి ఎండుమిరపకాయల తాలింపు కోరు వచ్చి తగలగానే మీరు ఓ తుమ్ము తుమ్ముతారు.

వంట గుంటూరు నుంచి వచ్చిన అత్తగారిది. సీసాల పెత్తనం అల్లుడిది.

"అత్తయ్యా, కారం కాస్త తగ్గించారా?"

"తగ్గించాను బాబూ. నాలుగు చెంచాలేసేదాన్ని మూడే వేశాను."

ఆ చెంచా సైజు మీరు చూసే ఉన్నారు కాబట్టి మంచినీళ్ళు దగ్గరికి జరుపుకుంటారు.

మొదట మినపగారెలు, అల్లప్పచ్చడి. అల్లుడు టప్‌మని బుడగల వైన్ తీస్తాడు. షాంపేన్ కాదు, అదే పద్ధతిలో కాలిఫోర్నియాలో చేసింది. గారె కొరకండి: పైన కరకర, లోపల మెత్తన, పెదాలకు నూనె. ఇప్పుడొక గుక్క. బుడగలూ పులుపూ కలిసి నూనెను తుడిచేస్తాయి, రెండో గారె మళ్ళీ మొదటిదంత రుచిగా ఉంటుంది. మావగారు అప్పుడే నాలుగో దాని మీదున్నారు.

ఇక గోంగూర మటన్. దీని కోసమే అల్లుడు తన గొప్ప సీసా దాచాడు: లివర్‌మోర్ పెటీట్ సిరా. ఈ ద్రాక్ష ఫ్రాన్స్‌లో పుట్టింది గానీ పేరు తెచ్చుకున్నది ఇక్కడే. 1883లో మొదలైన కాంకనన్ వైనరీ, తన 1961 పంటతో, ఆ ద్రాక్ష పేరును సీసా మీద వేసి అమ్మడం మొదలుపెట్టింది. గ్లాసులో పోస్తే అవతలి వెలుతురు కనపడనంత చిక్కన. విడిగా తాగితే బ్రహ్మాండం: నేరేడు పండు తిన్నట్టే ముందు తీపి, వెనక వగరు, నాలుక ఊదా.

వేడన్నంలో నెయ్యి, దాని మీద గోంగూర మటన్. ఒక ముద్ద, ఒక గుక్క.

నోట్లో నిప్పంటుకుంటుంది. పండు రుచి ఎటో పోయి వగరు పళ్ళకు పట్టేస్తుంది.

"మటన్‌కి ఎర్రదే పోయాలన్నావుగా అల్లుడూ?" మావగారు ఉఫ్ ఉఫ్ అంటున్నారు.

మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే గ్రాహకాలను తట్టిలేపుతుంది; ఆల్కహాల్ కూడా వాటినే గిల్లుతుంది. ఈ వైన్లలో అది సాధారణంగా 14 శాతం చుట్టుపక్కల ఉంటుంది. టానిన్లేమో లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని నాలుకను ఎండగడతాయి. పైగా గోంగూర పులుపు ముందు వైన్ పులుపు చాలక చప్పబడిపోయింది. మాంసానికి ఎర్ర వైన్ అన్న సూత్రం తప్పని కాదు. ఉప్పూ మిరియాలూ చల్లి కాల్చిన మాంసానికి అది సరైన మాటే. ఆ కొవ్వూ ఉప్పూ వగరును అణిచేస్తాయి. మన పళ్ళెంలో మాంసం పేరుకే పెద్ద, పెత్తనమంతా కారానిదీ పులుపుదీ. సీసాను వాటిని చూసి ఎంచుకోవాలి.

అల్లుడు మారుమాట్లాడకుండా ఫ్రిజ్ తీస్తాడు. సన్నగా పొడుగ్గా ఉన్న సీసా, ఒళ్ళంతా చెమట. జర్మనీ మోజెల్ నది ఒడ్డున పండిన రీస్లింగ్, కాబినెట్ రకం. ఆల్కహాల్ 8, 9 శాతమే. కొంచెం తీపి, దానికి దీటుగా పదునైన పులుపు. వైన్ ముట్టని అత్తగారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "దబ్బకాయ తొక్క వాసన" అని తిరిగిచ్చేస్తారు. ఆ సీసా గురించి అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

మళ్ళీ ముద్ద, మళ్ళీ గుక్క. తీపి మంటను బుజ్జగిస్తుంది, పులుపు గోంగూరతో భుజం కలుపుతుంది. వేలెడంత మూలుగ ఎముకను మీరు జుర్రుతారు. ఇందాకటి నుంచి కారం చాటున దాక్కున్న మటన్ రుచి ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న కాచిన చేపల పులుసుకీ ఆ సీసాయే. ముద్దపప్పులోకి ఆవకాయ వచ్చాక మాత్రం గ్లాసు పక్కన పెట్టేయండి. ఆవపిండి ఘాటుకు ఎదురు నిలిచే వైన్ ఉందని నేననుకోను. పెరుగన్నానికి అసలు వద్దు. బొబ్బట్లకు వాటికన్నా తియ్యటి వైన్ కావాలి. ఇవాళ ఇంట్లో లేదు, కాఫీతో కానిచ్చేస్తారు.

పెటీట్ సిరా ముప్పాతిక అలాగే ఉంది. అల్లుడు దానికి మూత బిగిస్తూ, "రేపు ల్యాంబ్ చాప్స్ కాల్చి వాటితో తాగుదాం మావయ్యా" అంటాడు.

"వాటికి రాత్రే అల్లం వెల్లుల్లి, కారం పట్టించి పెడతా" అంటారు వంటింట్లోంచి అత్తగారు.

"వద్దత్తయ్యా! ఉప్పూ మిరియాలు చాలు."

"కారం లేకుండా మాంసం ఎలా తింటారయ్యా మనుషులు?"